నొప్పికి భాష ఉంది: పారామెడిక్ చదువు, మన పిల్లల దారి

ప్రతి జూన్‌లో మా బడి గడప దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘‘తెలుగు మీడియంలో చదివిస్తే మా వాడు రేపు ఏమవుతాడు సార్?’’ అడిగేవాళ్లలో చాలామంది బంగారు గనుల్లో దిగిన కార్మికుల కొడుకులు, కోడళ్లు. వాళ్ల నాన్నల కాలంలో ఈ ప్రశ్నకు పెద్దగా పనిలేదు. చాంపియన్ రీఫ్, మారికుప్పం, ఊరుగామ్ గనుల్లో ఏదో ఒకచోట ఇంటికొక నౌకరీ ఉండేది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక ఆ జవాబు పోయింది. ఇప్పుడు తెల్లవారకముందే మారికుప్పం నుంచి బెంగళూరుకు బయల్దేరే రైలే మా ఊరి జవాబు.

ఆ తల్లిదండ్రులకు మేము చెప్పగల జవాబుల్లో ఒకదాని గురించి ఈ వారం మాట్లాడుకుందాం. అదే పారామెడిక్ చదువు. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆసుపత్రి చేరేలోపు ప్రాణం నిలిపే మనిషి కావడానికి చదవాల్సిన చదువు. డాక్టరు కావడానికి నీట్ ర్యాంకు కావాలి, ఏళ్లూ డబ్బూ కావాలి. ఈ చదువుకు అంత పెట్టుబడి అక్కర్లేదు. పైగా ఇందులో మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఒక బలం పనికొస్తుంది. ఆ బలం భాష.

పేరులో ఉన్న తికమక

ముందు మాట స్పష్టం చేసుకోవాలి. మన దేశంలో ‘పారామెడికల్’ అంటే డాక్టరు, నర్సు కాని ఆసుపత్రి సిబ్బంది అందరినీ కలిపి చెబుతారు. రక్తం పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవారు, డయాలసిస్ యంత్రం నడిపేవారు, ఆపరేషన్ థియేటర్ సహాయకులు అందరూ అందులోకే వస్తారు. కానీ అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ‘పారామెడిక్’ అంటే ఒకే అర్థం. అత్యవసర పరిస్థితిలో రోగి ఉన్న చోటికే వెళ్లి, ఊపిరి, రక్తస్రావం, గుండె లయ చూసి, అక్కడే చికిత్స మొదలుపెట్టే నిపుణుడు. మన 108 వాహనంలో ఈ పనికి దగ్గరగా ఉన్నది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. బండి నడిపేవారిని అక్కడ పైలట్ అంటారు.

ఈ తేడా తెలియక కొందరు పిల్లలు ‘పారామెడికల్ సీటు వచ్చింది’ అని చేరిపోతారు. చేరాక అది వాళ్లు అనుకున్న అంబులెన్సు చదువు కాదని తెలుస్తుంది. ల్యాబ్ చదువూ మంచి చదువే. కానీ ఏది కావాలో ముందే తెలుసుకుని చేరడం వేరు, చేరాక తెలుసుకోవడం వేరు.

గని నేర్పిన పాఠం

కేజీఎఫ్ వాళ్లకు ఈ పని కొత్తది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతులో రాయి మీద బరువు విపరీతంగా పెరిగి, ఒక్కసారిగా పేలినట్టు పగిలేది. దాన్నే రాక్ బరస్ట్ అంటారు. నేల అదిరితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవని, ఆడవాళ్లు షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారని మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి వేళ కిందికి దిగి గాయపడినవారిని పైకి తెచ్చింది ఎవరు? శిక్షణ పొందిన తోటి కార్మికులే. గనుల చట్టం ప్రకారం ప్రథమ చికిత్స నేర్చినవారు గనిలో అందుబాటులో ఉండాలి. స్ట్రెచర్‌కు ఎలా కట్టాలి, విరిగిన కాలుకు బద్ద ఎలా వేయాలి, గాలి ఆడనిచోట ఎవరిని ముందు బయటికి తేవాలి అన్నది ఇక్కడి తాతలకు పుస్తకం చదివి కాదు, చేతులతో తెలుసు.

గని తీసుకున్నది కూడా తక్కువ కాదు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి వచ్చే సిలికోసిస్ గురించి మన దేశంలో తొలి నివేదిక 1947లో వెలువడింది కోలారు బంగారు గనుల నుంచే. ఆ తరంలో మిగిలినవారు ఇప్పటికీ మా వీధుల్లో ఉన్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతారు. అంబులెన్సు అవసరం వేరే ఎక్కడో కాదు, మా విద్యార్థుల ఇళ్లలోనే ఉంది.

గనుల ఆసుపత్రి ఒకప్పుడు చుట్టుపక్కల జిల్లాల్లో పేరున్నది. కంపెనీతో పాటే అదీ మూతపడింది. 2021లో కోవిడ్ రెండో ఉద్ధృతి వచ్చినప్పుడు ఊరి స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఊడ్చి, వార్డులు కడిగి, మళ్లీ పడకలు వేసి కోవిడ్ రోగుల కోసం దాన్ని సిద్ధం చేశారు. అవసరం వస్తే ఈ ఊరు ఏం చేయగలదో అది చూపింది. చేతులున్నాయి, మనసుంది. ఆ చేతులకు ఒక సర్టిఫికెట్ చదువు లేదు, అంతే.

పిట్స్‌బర్గ్‌లో ఒక పేట

ఈ మాట నిజంగా జరిగే పనేనా అని అనుమానించేవారికి దూరదేశపు కథ ఒకటి చెప్పాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ ఉక్కు నగరం. అక్కడ హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో ఎక్కువగా నల్లజాతివారు ఉండేవారు. చేతికి పనిలేని యువకులు చాలామంది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పోలీసు బండే వచ్చేది. రోగిని అందులో వేసుకుని పోవడమే తప్ప దారిలో చికిత్స లేదు.

1967లో పీటర్ సేఫర్ అనే మత్తు వైద్యుడు, కొందరు స్థానికులతో కలిసి ‘ఫ్రీడమ్ హౌస్’ అంబులెన్సు సేవకు రూపం ఇచ్చాడు. నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతిని లోకానికి నేర్పినవారిలో ఆయన ఒకడు. అంతకు ముందు ఏడాదే ఆయన కూతురు ఉబ్బసంతో చనిపోయింది. ఆయన శిక్షణకు ఎంచుకున్నది వైద్య విద్యార్థులను కాదు, అదే పేటలో పనిలేని యువకులను. వారిలో హైస్కూలు పూర్తి చేయనివారూ ఉన్నారు. సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చారు. శరీర నిర్మాణం, ఊపిరి నాళం తెరవడం, సెలైన్ ఎక్కించడం, ఆసుపత్రి వార్డుల్లో పని. కొద్దికాలానికే ఆ కుర్రాళ్లు చేసే పని చూసి డాక్టర్లే ఆశ్చర్యపోయారు. తర్వాత నాన్సీ కెరొలైన్ అనే డాక్టరు వారికి మెడికల్ డైరెక్టరుగా వచ్చింది. ఆమె తయారుచేసిన పాఠాలే దేశమంతటా పారామెడిక్ పాఠ్యప్రణాళికకు ఆధారమయ్యాయి.

కథకు చేదు చివర కూడా ఉంది. 1975లో నగరపాలక సంస్థ సొంత సేవ మొదలుపెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. దారి వేసినవారిలో చాలామందికి కొత్త సేవలో నిలదొక్కుకునే చోటు దొరకలేదు. చేతి పని ఎంత బాగా వచ్చినా, దానికి అందరూ ఒప్పుకునే పట్టా లేకపోతే మనిషిని పక్కకు తోసేయడం తేలిక. ఈ సంగతి మన పిల్లల విషయంలోనూ మరచిపోకూడదు.

కమ్యూనిటీ కాలేజీ అంటే

ఆ పట్టా అమెరికాలో ఇప్పుడు ఎక్కువగా దొరికేది కమ్యూనిటీ కాలేజీల్లో. పేరుకు తగ్గట్టు అది ఊరి కాలేజీ. పెద్ద విశ్వవిద్యాలయానికి పోలేనివారు ఇంటి నుంచే వెళ్లి వస్తారు. పగలు పనిచేసుకునేవారికి సాయంత్రం తరగతులు ఉంటాయి. ఫీజు తక్కువ. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది.

పారామెడిక్ కావాలనుకున్నవారు ముందు ఈఎంటీ అనే చిన్న మెట్టు ఎక్కుతారు. అది కొన్ని నెలల చదువు. ఆ సర్టిఫికెట్‌తో అంబులెన్సులో పనికి చేరవచ్చు. సంపాదిస్తూనే పై మెట్టుకు చదువుతారు. పారామెడిక్ మెట్టుకు వెయ్యి గంటలకు పైగా శిక్షణ ఉంటుంది. అది నాలుగు చోట్ల జరుగుతుంది. తరగతి గదిలో పాఠం, బొమ్మ మీద సాధన చేసే ల్యాబ్, ఆసుపత్రి అత్యవసర విభాగం, చివరగా సీనియర్ కళ్లెదుట నడిచే అంబులెన్సు. దీనికి తోడు శరీరశాస్త్రం, గణితం, ఇంగ్లిషు కలిపితే డిగ్రీ. తర్వాత నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. ఆ తర్వాత ఎవరైనా పూర్తి బ్యాచిలర్ డిగ్రీకి పోవాలనుకుంటే ఈ రెండేళ్ల చదువులో చాలా భాగం లెక్కలోకి వస్తుంది.

ఇందులో మేము మెచ్చుకునేది మెట్ల పద్ధతి. ఎక్కిన ప్రతి మెట్టూ దానంతట అదే కూడు పెడుతుంది. మధ్యలో పెళ్లో, అప్పో, నాన్న జబ్బో వచ్చి చదువు ఆగినా చేతిలో ఒక కాగితం మిగులుతుంది. మన పిల్లల్లో ఎంతమంది పీయూసీ మొదటి ఏడాది మధ్యలో ఆగి, చేతిలో ఏ కాగితమూ లేకుండా రైలెక్కుతున్నారో మన తోటి ఉపాధ్యాయులందరికీ తెలుసు.

మన దేశానికీ ఈ ఆలోచన కొత్తది కాదు. పుదుచ్చేరిలో 1995లోనే కమ్యూనిటీ కాలేజీ మొదలైంది. 2013-14 నుంచి యూజీసీ కమ్యూనిటీ కాలేజీల పథకం నడిపింది. ఆ తర్వాత బీవోక్ డిగ్రీ వచ్చింది. ఏడాది చదివితే డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. చట్రం సిద్ధంగానే ఉంది. కేజీఎఫ్‌కు తగినట్టు అందులో పారామెడిక్ చదువును అమర్చడమే మిగిలింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన 108

అంబులెన్సు సేవ విషయంలో తెలుగు నేల దేశానికే దారి చూపింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ సంస్థ 108 సేవ మొదలుపెట్టింది. ఒకే నంబరు, ఉచిత కాల్, ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా దగ్గర్లోని వాహనాన్ని పంపే కంట్రోల్ రూమ్. తెలుగు పల్లెల్లో ‘కుయ్ కుయ్’ అన్న ఆ సైరన్ చప్పుడే దాని పేరైపోయింది. మూడేళ్లకు, 2008 నవంబరు 1న, రాజ్యోత్సవం రోజున కర్ణాటకలో ‘ఆరోగ్య కవచ’ పేరుతో అదే 108 వచ్చింది.

ఆ సేవకు మనుషులను తయారుచేసిన తీరు గమనించాలి. జీవశాస్త్రం చదివిన డిగ్రీవారిని, నర్సింగ్, ఫార్మసీ చదివినవారిని తీసుకుని, కొద్ది వారాల శిక్షణ ఇచ్చి ఈఎంటీలుగా పంపారు. పై స్థాయి శిక్షణకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి రెండేళ్ల కోర్సు కూడా నడిపారు. బీఎస్సీ చదివి ఇంట్లో కూర్చున్న పల్లెటూరి యువకులు వేలమంది ఈ దారిన ఉద్యోగాల్లోకి వచ్చారు. తెలుగు మీడియంలో చదువుకున్నవారు వారిలో చాలామంది.

ఈ పనిలో పల్లెల్లో ఎదురయ్యేవి ఇంగ్లిషు సినిమాల్లో చూసే దృశ్యాలు కావు. ప్రసవం నొప్పులు, పాముకాటు, పురుగుమందు తాగినవారు, హైవే మీద బైకు ప్రమాదాలు, గుండెపోటు, పక్షవాతం. మన జిల్లా మీదుగా బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు దాటి చిత్తూరు వైపు పోయే జాతీయ రహదారి ఉంది. నరసాపుర, వేమగల్, మాలూరు పారిశ్రామిక వాడలకు రోజూ షిఫ్టు బస్సులు నడుస్తాయి. శ్రీనివాసపుర మామిడి తోటల్లో చెట్టెక్కి కాయ కోసేవారున్నారు. ఈ పని తెలిసిన మనిషి అవసరం లేని తాలూకా మన జిల్లాలో ఒక్కటీ లేదు.

ఎద, ఎదె, నెంజు

ఇక మన బడుల వైపు వద్దాం. మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇప్పుడు అంబులెన్సులో ఈఎంటీగా పనిచేస్తోంది. గత ఏడాది పదో తరగతి పిల్లలతో మాట్లాడమని పిలిచాం. తన పనిలో మొదటి పరికరం స్టెతస్కోపు కాదు, మాట అంది. శ్రీనివాసపుర వైపు ఒక పల్లెలో రాత్రి పూట ఒక ముసలామె దగ్గరికి వెళ్లిందట. ఇంట్లోవాళ్లు ‘గ్యాస్, సోడా తాగించాం’ అన్నారు. ఈ అమ్మాయి పక్కన కూర్చుని, ‘‘అవ్వా, ఏమైతాంది చెప్పు’’ అని అడిగింది. ‘‘ఎద మీద రుబ్బురాయి పెట్టినట్టుంది తల్లీ, ఈ చెయ్యి లాగతాంది’’ అంది ఆమె. ఆ రెండు మాటలకే గుండె అనుమానం వచ్చి, వెంటనే ఈసీజీ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

బాధలో ఉన్న మనిషి నేర్చుకున్న భాషలో మాట్లాడడు. పుట్టుభాషలో మూలుగుతాడు. ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’, ‘కడుపులో దేవుతోంది’, ‘ఒంట్లో సత్తువ లేదు’ అన్న మాటల వెనుక ఏముందో ఆ భాషలో పెరిగినవారికే చప్పున తెలుస్తుంది. కేజీఎఫ్ పిల్లల సంగతి ఇంకా విశేషం. ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, బజారులో కన్నడం. మనం ఎద అంటే కన్నడంలో ఎదె, తమిళంలో నెంజు. మనకు నొప్పి అయితే వాళ్లకు నోవు, వీళ్లకు వలి. మనకు తల తిరిగితే కన్నడంలో తలె సుత్తు. పదేళ్ల పిల్ల కూడా ఇక్కడ మూడు భాషల్లో ఎక్కడ నొప్పో అడగగలదు. బెంగళూరులో పేరున్న కాలేజీలో చదివినవారికి కూడా ఇది ఏళ్లు పట్టే విద్య.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించమంటోంది. దాన్ని మనం తరచూ హక్కుగానే మాట్లాడతాం. అది హక్కే. కానీ ఈ వృత్తిలో అది నైపుణ్యం కూడా. తెలుగు మీడియం అని తలదించుకునే పిల్లవాడికి ఈ సంగతి మనమే చెప్పాలి.

అదే సమయంలో ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. కర్ణాటకలో పనిచేయాలంటే కన్నడం చదవడం, రాయడం బాగా రావాలి. కోర్సు పుస్తకాలు, మందుల పేర్లు, ఆసుపత్రికి అప్పగించే రోగి వివరాల పత్రం ఇంగ్లిషులో ఉంటాయి. మాతృభాష పునాది, మిగతా రెండూ గోడలు. పునాది ఉంది కదా అని గోడలు లేకుండా ఇల్లు నిలవదు.

ఇప్పుడు ఉన్న దారులు

మన జిల్లా పిల్లలకు ఈ రోజు తెరిచి ఉన్న తలుపులు ఇవి.

ఒకటి, ఎస్సెస్సెల్సీ తర్వాత కర్ణాటక పారామెడికల్ బోర్డు డిప్లొమాలు. ల్యాబ్, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, కంటి పరీక్ష, మెడికల్ రికార్డులు వంటివి. ఎస్సెస్సెల్సీతో చేరేవారికీ, పీయూసీ సైన్స్‌తో చేరేవారికీ కాలవ్యవధి వేరు. ఏటా వచ్చే ప్రకటనలో అర్హత, వ్యవధి, సీట్లు సరిచూసుకున్నాకే దరఖాస్తు చేయాలి.

రెండు, పీయూసీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి బీఎస్సీ స్థాయి అనుబంధ ఆరోగ్య కోర్సులు. రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద రాష్ట్రంలో చాలా కాలేజీలున్నాయి. మన కోలారు పక్కన టమకలోని దేవరాజ్ అరసు సంస్థలోనూ ఇలాంటి డిగ్రీలున్నాయి. అంబులెన్సు పనికి దగ్గరగా ఉండేది ఎమర్జెన్సీ, ట్రామా కేర్ చదువు. ఆపరేషన్ థియేటర్, మత్తు విభాగం చదువు కూడా ఈ పనికి ఉపయోగపడుతుంది. ఊపిరి నాళం తెరిచి ఉంచడం అక్కడ రోజూ చేసే పని కదా.

మూడు, నైపుణ్య శిక్షణ దారి. జాతీయ నైపుణ్య ప్రమాణాల్లో ఈఎంటీ బేసిక్, ఈఎంటీ అడ్వాన్స్‌డ్ అని రెండు మెట్లున్నాయి. ఇవి తక్కువ కాలంలో పూర్తవుతాయి. కానీ శిక్షణ కేంద్రానికి నిజమైన ఆసుపత్రితో ఒప్పందం ఉందో లేదో చూడాలి.

ఈ రంగానికి చట్టం కూడా వచ్చింది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులోని వృత్తుల పట్టికలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు, అంటే పారామెడిక్ పేరు ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసం 2000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3600 గంటల చదువు ఉండాలని చట్టం చెబుతోంది. అందుకే ‘మూడు నెలల్లో పారామెడికల్ పట్టా’ అని గోడల మీద అంటించే కాగితాలను నమ్మవద్దు. చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ బోర్డు లేదా విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది? పరీక్ష ఎవరు పెడతారు? ఎన్ని గంటలు ఏ ఆసుపత్రిలో పని నేర్పుతారు? ముందు బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? ఈ నాలుగింటికి కాగితం మీద జవాబు ఇవ్వని చోట ఫీజు కట్టకండి.

తరగతి గదిలో మనం చేయగలిగింది

పీయూసీ సైన్స్‌లో అడుగుపెట్టగానే పుస్తకాలు ఇంగ్లిషులోకి మారిపోతాయి. తెలుగులో ‘ధమని’, ‘సిర’, ‘శ్వాసనాళం’ అని చక్కగా నేర్చిన పిల్లలు ఆర్టరీ, వెయిన్, ట్రెకియా అనగానే తమకేమీ రాదనుకుంటారు. వచ్చినదాన్నే రానిదనుకుని మధ్యలో ఆగిపోతారు. దీనికి మేము చేస్తున్న చిన్న పని, ఎనిమిదో తరగతి నుంచి ఒక పదాల నోటుబుక్కు. ఒక వరుసలో తెలుగు మాట, పక్కన కన్నడం, ఆ పక్కన ఇంగ్లిషు. రోజుకు మూడు మాటలు. మూడేళ్లలో వెయ్యి మాటలు దాటుతాయి.

గణితం పీరియడులో ఈ లెక్క ఇవ్వండి. రోగికి 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టం ఉంది. నిమిషానికి ఎన్ని చుక్కలు? పదివేల చుక్కలను 240 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. ఇంకొకటి. సిలిండరులో 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంది. నిమిషానికి 10 లీటర్లు పోతోంది. కేజీఎఫ్ నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, బండి సగటు వేగం గంటకు 40. సరిపోతుందా? గాలి 150 నిమిషాలకు వస్తుంది, దారీ 150 నిమిషాలే. ‘సరిపోయింది సార్’ అని వెనక బెంచీ పిల్లవాడు సంబరపడతాడు. ‘మరి దారిలో రైల్వే గేటు పడితే?’ అని ముందు బెంచీ అమ్మాయి అడుగుతుంది. ఆ అమ్మాయి అప్పుడే సగం పారామెడిక్ అయినట్టు.

విజ్ఞానశాస్త్రం పాఠంలో నాడి పట్టించండి. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20. ఛాతీ నొక్కే వేగం నిమిషానికి 100 నుంచి 120, లోతు ఐదు సెంటీమీటర్లు. మూతి ఒక పక్కకు లాగడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే పక్షవాతమని గుర్తించి, అది మొదలైన సమయం రాసుకోవాలని నేర్పండి. గడ్డ కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పాము కరిస్తే కోయకూడదు, బిగించి కట్టకూడదు, కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఇవి పరీక్షకు రాకపోయినా ఇంటికి వెళ్తాయి. రోడ్డు మీద గాయపడినవారికి సాయం చేసినవారిని చట్టం కాపాడుతుందని, 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో ఆ మాట ఉందని కూడా పిల్లలకు చెప్పండి. భయం లేనివాడే ముందుకు వస్తాడు.

పూలబాట కాదు

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది తేలికైన ఉద్యోగం కాదు. రాత్రి షిఫ్టులుంటాయి, పండగ పూట కూడా పని ఉంటుంది. రక్తం, వాంతి, ఏడుపు మధ్య నిలబడాలి. ఒక్కోసారి ఎంత చేసినా ప్రాణం నిలవదు, ఆ బరువు ఇంటికి మోసుకొస్తారు. ఉద్యోగాల్లో చాలావరకు ఒప్పందం మీద ఉంటాయి. జీతాల కోసం, పనిగంటల కోసం 108 సిబ్బంది పలు రాష్ట్రాల్లో సమ్మెలకు దిగారు. ఆడపిల్లలను రాత్రి పనికి పంపడానికి ఇళ్లలో జంకు ఉంటుంది. అది తప్పనడం లేదు. కానీ కాన్పు నొప్పులు పడే తల్లి పక్కన ఒక ఆడపిల్ల కూర్చుంటే ఆ ఇంటికి ఎంత ధైర్యమో కూడా ఆలోచించండి.

పట్టా గట్టిదైతే బేరమాడే బలం వస్తుంది. డిగ్రీ ఉన్నవారు ఆసుపత్రి అత్యవసర విభాగాలకు, కర్మాగారాల ఆరోగ్య కేంద్రాలకు, శిక్షకుల పనులకు మారగలరు. అందుకే చిన్న సర్టిఫికెట్‌తో ఆగిపోకుండా డిగ్రీ వరకు మెట్లు ఉండాలని మేము పట్టుబడుతున్నాం.

మా కోరిక

కేజీఎఫ్‌లో కమ్యూనిటీ కాలేజీ పద్ధతిలో ఒక పారామెడిక్ చదువు కావాలి. దీనికి కొత్త నగరం కట్టనక్కర్లేదు. ఖాళీగా ఉన్న గనుల భవనాలున్నాయి. రాబర్ట్‌సన్‌పేటలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కోలారులో ఎస్ఎన్ఆర్ జిల్లా ఆసుపత్రి, టమకలో వైద్య కళాశాల ఉన్నాయి. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పాఠం చెప్పి, జిల్లా ఆసుపత్రి పని నేర్పి, విశ్వవిద్యాలయం పట్టా ఇస్తే సరిపోతుంది. మొదటి ఏడాది చివర ఈఎంటీ సర్టిఫికెట్, రెండో ఏడాది డిప్లొమా, మూడో ఏడాది డిగ్రీ. మొదటి ఆరు నెలలు తెలుగు, తమిళ, ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లిషు వంతెన తరగతి. రోగితో సంభాషణ అనే పాఠం మూడు భాషల్లో. ప్రథమ చికిత్స నేర్చిన పాత గని కార్మికులు ఇంకా ఉన్నారు. వారిని అతిథి ఉపాధ్యాయులుగా పిలిస్తే పిల్లలకు పుస్తకంలో లేనిది దొరుకుతుంది.

ఈ కోరికను అర్జీగా రాసి, బడుల అభివృద్ధి సమితుల సంతకాలతో జిల్లా యంత్రాంగానికి, శాసనసభ్యులకు ఇవ్వాలని మేము అనుకుంటున్నాం. జిల్లాలోని తెలుగు, తమిళ, ఉర్దూ బడులన్నీ కలిస్తే అర్జీకి బరువు పెరుగుతుంది. ఈ లోపు ప్రతి బడీ చేయగల పని ఒకటుంది. ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చిన వారంలోనే తల్లిదండ్రులను పిలిచి, పైన చెప్పిన మూడు దారులు, నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాసి చూపండి. దగ్గర్లోని 108 సిబ్బందిని ఒక గంట రమ్మని అడగండి. బండి లోపల ఏముందో పిల్లలను ఎక్కించి చూపించమనండి. పదాల నోటుబుక్కు మాత్రం జూన్ మొదటి వారంలోనే మొదలుపెట్టండి.